బాండ్ భార్యగారికి అశ్రునివాళి

నటీమణులు పోయినప్పుడు సంస్మరణ రాయడానికి పత్రికల పెద్దల దగ్గర ఒక శాస్త్రం ఉంది. మొదటి పేరాలో ఆమె శరీరం. రెండో పేరాలో ఆ శరీరం పక్కన నిలబడిన మగవాడు. స్థలం మిగిలితే, చిట్టచివర, ‘రంగస్థలంపైనా రాణించారు’ అని ఒక ముక్క.

2020 సెప్టెంబరు 10న బ్రిటిష్ నటి డయానా రిగ్ కన్నుమూసినప్పుడు ఈ శాస్త్రం పొల్లుపోకుండా అమలైంది. శీర్షికలను బట్టి చూస్తే పోయింది మనిషి కాదు, 1960ల నాటి ఒక తోలు దుస్తుల జత. ‘ది అవెంజర్స్’ అనే బ్రిటిష్ టీవీ ధారావాహికలో (మార్వెల్ వీరులకు దీనితో చుట్టరికం లేదు) ఆమె ఎమ్మా పీల్‌గా వేసుకున్న జత అది. ఆ దుస్తులకు 1969 నాటి ఒక సినిమాలో జేమ్స్ బాండ్‌తో పెళ్ళి కూడా అయింది. ఒక జన్మకు ఇంతకన్నా ఏం కావాలి?

చివరి ముక్కలో కుక్కిందేమిటయ్యా అంటే: 1962లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ‘కింగ్ లియర్’లో కార్డీలియా. 1972లో నేషనల్ థియేటర్‌లో లేడీ మాక్‌బెత్. 1992లో లండన్‌లో ఆల్మెయిడా అనే చిన్న నాటకశాలలో మొదలై, న్యూయార్క్ బ్రాడ్‌వే చేరి, 1994లో నాటకాలకిచ్చే టోనీ అవార్డు తెచ్చిన గ్రీకు విషాద నాటకం ‘మిడియా’. చివర్లో లోహపు రేకుల గోడ దభాలున కూలితే, కన్నబిడ్డలను చంపుకున్న తల్లిగా ఆమె అక్కడ నిలబడి ఉంటుంది. నిలబడితే నిలబడింది, ఒంటి మీద తోలు లేదు కదా, శీర్షికకు పనికిరాదు. తండ్రి రైల్వే ఉద్యోగం పుణ్యమా అని ఎనిమిదేళ్ళ దాకా బికనీర్‌లో పెరిగి హిందీ మాట్లాడిన పిల్ల అన్న సంగతి మనవాళ్ళకైనా ముద్దు రావాలి. రాలేదు. మనకూ బాండ్ భార్యే ముద్దు.

ఈ శాస్త్రానికి మహర్షి ఒకడుండేవాడు. 12వ శతాబ్దపు ప్రేమికులు అబెలార్డ్, ఎలొయీజ్‌ల కథను నాటకంగా వేసినప్పుడు, అందులో ఎలొయీజ్‌గా వేసిన రిగ్ కాసేపు వివస్త్రగా కనిపిస్తుంది. న్యూయార్క్ విమర్శకుడు జాన్ సైమన్ అది చూసి వచ్చి, ఆమె ఇటుకలతో కట్టిన సమాధి మందిరంలా ఉందనీ, ఆసరా కమానులు చాలలేదనీ తీర్పు రాశాడు. ఆ దృశ్యం ఊహించుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. చుట్టూ అందరూ నాటకం చూస్తున్నారు. ఈయన ఒక్కడే మేస్త్రి. జేబులోంచి టేపు తీశాడు, తూకపు గుండు వేలాడదీశాడు, ఒక కన్ను మూసి మట్టం చూశాడు. వేదిక మీద ఇద్దరు మనుషుల బతుకు బుగ్గవుతోంది. ఈయన ఇటుకల లెక్క తేలక కాగితం తిరగేస్తున్నాడు. సున్నం పాళ్ళ గురించి పక్క సీటులోని పెద్దమనిషిని అడిగి ఉంటాడు కూడా. చివరి అంకం వచ్చేసరికి పునాది మీద అనుమానం వచ్చి, కుర్చీ కింద తవ్వడం మొదలుపెట్టలేదు గనుక సరిపోయింది.

ఆమె ఏం చేసింది? తోటి నటులందరికీ ఉత్తరాలు రాసి, వాళ్ళు తిన్న తిట్లన్నీ పోగుచేసి, 1982లో పుస్తకం వేసింది. ఇటుకల తీర్పు కూడా అందులో భద్రంగా ఉంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అవెంజర్స్‌లో డజను భాగాలయ్యాక, తనకన్నా కెమెరామన్‌కు ఎక్కువ జీతం ఇస్తున్నారని ఆమెకు తెలిసింది. కథ నడిచేది ఆమె మీద, అమెరికాకు అమ్ముడుపోయింది ఆమె ముఖం, జీతం మాత్రం ఆ ముఖాన్ని చిత్రీకరించేవాడికన్నా తక్కువ. అడిగింది. అడిగినందుకు పత్రికలు ఆమెను డబ్బు మనిషిని చేశాయి. పరిశ్రమలో ఒక్క ఆడమనిషి కూడా తన పక్కన నిలబడలేదని ఎనభయ్యేళ్ళు దాటాక కూడా చెప్పుకుంది. సిగ్గులేని రాతలు! లాభాలు మూటగట్టుకున్నవాడు వ్యాపారి, కూలి అడిగిన మనిషి ఆశపోతా? ఈ విషయంలో లండన్‌ను అని మాత్రం లాభం ఏముంది? హీరో పారితోషికం రెట్టింపైతే మన పత్రికలకు అది ‘స్టామినా’. హీరోయిన్ పది శాతం పెంచమంటే ‘నిర్మాతలకు చుక్కలు చూపిస్తున్న భామ’. కింద ఆమె ఈతదుస్తుల ఫొటో.