శివారున నిలబడినవాడి చూపు

గోల్‌కీపర్‌గా ఆడినవాడు కోచ్‌గా రాణించలేడన్న అభిప్రాయం ఫుట్‌బాల్ లోకంలో ఇంకా బలంగానే ఉంది. దాన్ని కొట్టిపారేయడానికి ఇటలీ గోల్‌కీపర్ డినో జోఫ్ జీవితం ఒక్కటి చాలు. 1982లో నలభై ఏళ్ల వయసులో కెప్టెన్‌గా ప్రపంచ కప్పు అందుకున్న జోఫ్, కోచ్‌గా మారి 1990లో ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు ఒకే సీజనులో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యుయెఫా కప్పునూ ఇటలీ కప్పునూ సాధించి పెట్టారు. అయినా చూడముచ్చటైన ఆట కావాలంటూ క్లబ్బు ఆయనను సాగనంపింది. మరుసటి ఏడాది లీగులో ఏడో స్థానంతో సరిపెట్టుకుంది.

చేతులతో ఆడేవాడికి కాళ్ల ఆట ఏం తెలుస్తుందని ఎదుటివారి ప్రశ్న. పేరుమోసిన కోచ్‌లలో గ్వార్డియోలా, అన్చెలొత్తి వంటి మిడ్‌ఫీల్డర్లు, అంటే మైదానం నడుమ ఆడినవారు, కనిపించే మాట నిజమే. గోల్‌కీపర్లకు ఆ పని ఎన్నిసార్లు అప్పగించి చూశారన్నది మాత్రం ఎవరూ లెక్క వేయరు.

దాళ్వా కోతలయ్యాక అమలాపురం చుట్టుపక్కల చేలల్లో పిల్లలు ఆడే ఆటను ఒకసారి గట్టు మీద కూర్చుని చూడండి. రెండు కొబ్బరి మట్టలు పాతి, అందరికన్నా చిన్నవాణ్ణి వాటి మధ్య నిలబెడతారు. వరి కొయ్యకాళ్లకు తగిలి ఎటో ఎగిరే బంతి వెనక మిగతావాళ్లంతా మందలా పరుగెడుతుంటే, “ఒరేయ్, ఎడం పక్క ఎవడూ లేడ్రా” అని గొంతు చించుకునేది వాడొక్కడే. వాడి మాట వినేవాడుండడు; గోలు పడ్డాక తిట్టడానికి మాత్రం అందరూ వాడి దగ్గరికే వస్తారు.

డెల్టాలో పుట్టినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు ఎక్కడ ఆగిందో, ఏ తూము తలుపు సరిగా దిగడం లేదో, ఎక్కడ గండి పడిందో శివారు రైతుకు తెలిసినట్టు మరొకరికి తెలియదు, ఎందుకంటే ఎగువన జరిగిన ప్రతి పొరపాటూ చివరికి ఆయన చేలోనే తేలుతుంది. నీటి వంతులు నిర్ణయించే చోట మాత్రం ఆయనకు కుర్చీ ఉండదు. 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించేదాకా మురుగు కాలువల గోడును చెవిన పెట్టినవారు ఎందరు?

ఇటలీ జాతీయ జట్టు కోచ్‌గా జోఫ్‌కు కుర్చీ దక్కినప్పుడు ఏం జరిగిందో 2000 యూరో కప్పు సెమీఫైనల్ చూపించింది. 34వ నిమిషంలోనే రెడ్ కార్డుతో ఒక ఆటగాణ్ణి పోగొట్టుకున్న ఇటలీ, నెదర్లాండ్స్‌కు 120 నిమిషాల పాటు ఒక్క గోలూ ఇవ్వకుండా నిలిచి పెనాల్టీలలో గెలిచింది. గండి ఎక్కడ పడబోతోందో ముందే పసిగట్టే మనిషి నిలబెట్టిన జట్టు అది. ఫైనల్లోనూ చివరి క్షణాల దాకా ఇటలీదే పైచేయి. ఫ్రాన్స్ ఆటగాడు విల్టోర్ గోలుతో స్కోరు సమమై, అదనపు సమయంలో పడగానే ఆట ముగించే గోల్డెన్ గోలును త్రెజెగె కొట్టడంతో కప్పు ఫ్రాన్స్ పాలైంది. ఫ్రాన్స్ ప్రధాన ఆటగాడు జిదాన్‌ను కట్టడి చేయడానికి ఒక మనిషిని పెట్టాలన్న ఇంగితమైనా లేదా అని ఏసీ మిలాన్ క్లబ్బు యజమాని, ఇటలీలో నాటి ప్రతిపక్ష నేత బెర్లుస్కోనీ వెంటనే దుమ్మెత్తిపోశారు. ఆ మాటతీరులో మర్యాద లేదని చెప్పి, ఫైనల్ ముగిసిన రెండు రోజులకే జోఫ్ పదవి వదులుకున్నారు.