న్యూ ఆర్లీన్స్ కోలుకున్నది యూనియన్లను పక్కన పెట్టినందుకేనా?

తుపానో వరదో వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఒక వాదన చేతులు మారుతూ మన దాకా వస్తుంది. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌ను ముంచెత్తిన తర్వాత అక్కడి ప్రభుత్వం కూలి రేట్ల చట్టాన్ని ఆపివేసిందనీ, బయటి నుంచి పనివాళ్లను రప్పించిందనీ, ఉపాధ్యాయ సంఘాన్ని వదిలించుకుందనీ, అందువల్లే నగరం చవకగా, చురుగ్గా కోలుకున్నదనీ దాని సారాంశం. విపత్తు వేళ యూనియన్లు హక్కుల మాట తప్ప మరొకటి ఎత్తవన్న ముక్తాయింపు కూడా దానికి జతపడుతుంది. ఇందులో సంఘటనలు చాలావరకు నిజమే. వాటి నుంచి లాగిన తీర్మానాలే నిలబడవు.

మొదట కూలి రేట్ల సంగతి చూద్దాం. 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ నిధులతో జరిగే నిర్మాణ పనుల్లో ఆ ప్రాంతంలో అప్పటికే నడుస్తున్న కూలికి తగ్గకుండా చెల్లించాలి. అధ్యక్షుడు జార్జ్ బుష్ 2005 సెప్టెంబరు 8న తుపాను దెబ్బతిన్న ప్రాంతాల్లో దీని అమలును నిలిపివేశారు. ఆ చట్టం యూనియన్లు కోరినంత ఇప్పించేది కాదు. స్థానిక రేటు తక్కువగా ఉన్నచోట అది ఇప్పించేదీ తక్కువే. ఆ తీరంలో సాధారణ నిర్మాణ కూలీకి గంటకు దక్కేది సుమారు 9 డాలర్లు. అమెరికా లెక్కలో అది ఇల్లు గడవడానికి కూడా చాలీచాలని మొత్తం. పైగా ఈ నిలిపివేత రెండు నెలలే సాగింది. బుష్ సొంత పార్టీ సభ్యులు కొందరు కూడా ఒత్తిడి తేవడంతో నవంబరు 8 నుంచి చట్టాన్ని తిరిగి అమలులో పెట్టారు. ఏళ్ల తరబడి సాగిన పునర్నిర్మాణానికి రెండు నెలల మినహాయింపును కారణంగా చూపడం అతికే వాదన కాదు.

కూలి తగ్గితే ఖర్చు తగ్గుతుందన్నది తర్వాతి మాట. ఎగిరిపోయిన ఇంటి కప్పుల మీద నీలిరంగు టార్పాలిన్ పరిచే పనిని చూస్తే చాలు, డబ్బు ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. టార్పాలిన్‌ను ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. దానిని పరిచి మేకులు కొట్టినందుకు వంద చదరపు అడుగులకు 175 డాలర్ల దాకా పెద్ద గుత్తేదారుకు చెల్లించింది. ఆ గుత్తేదారు మరొకరికి, అతడు ఇంకొకరికి పని అప్పగించుకుంటూ పోగా, నిచ్చెన వేసుకుని కప్పెక్కిన మనిషి చేతికి అదే వంద అడుగులకు 2 డాలర్లు మాత్రమే దక్కిన సందర్భాలున్నాయని అప్పటి పత్రికలు రాశాయి. సబ్ కాంట్రాక్టు మీద సబ్ కాంట్రాక్టు ఎలా నడుస్తుందో మన దగ్గర కాలువ పనులు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అడుగున ఉన్నవాడి కూలి తగ్గినంత మాత్రాన ఖజానాకు మిగిలేది ఏమీ లేదు. మధ్యవారి వాటా పెరుగుతుంది, అంతే.

స్థానికులు పనికి రాలేదు కాబట్టే బయటివారిని తేవలసి వచ్చిందన్నది సగం నిజం. ఇళ్లు మునిగి పొరుగు రాష్ట్రాలకు చెదిరిపోయినవారికి తిరిగి వచ్చి తలదాచుకునే చోటే లేకపోయింది. అయితే వచ్చినవారి గతి ఏమైంది? న్యూ ఆర్లీన్స్ శివారులోని బెల్ చాస్ నౌకాదళ స్థావరంలో పనికి కుదిరిన సుమారు 75 మంది స్థానిక యూనియన్ ఎలక్ట్రీషియన్లను పంపించివేసి, తక్కువ కూలికి వచ్చిన బయటివారిని పెట్టుకున్నారని ఆ స్థానికులను నియమించిన గుత్తేదారే సెనేటర్ల ముందు సాక్ష్యం చెప్పాడు. యజమానులందరూ ఒకవైపు, సంఘాలన్నీ మరొకవైపు నిలిచాయన్న ఊహ కూడా ఇక్కడే చెదిరిపోతుంది.

బయటి నుంచి రప్పించిన పనివాళ్లతో ఏ తగాదా లేకుండా పని సాగిందన్న మాటకు మన దేశస్థుల అనుభవమే సమాధానం. తుపానులో దెబ్బతిన్న చమురు రిగ్గుల మరమ్మతు కోసం మిసిసిపీలోని పాస్కగూలా, టెక్సస్‌లోని ఆరెంజ్ యార్డులకు సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ భారతదేశం నుంచి సుమారు 500 మంది వెల్డర్లను, పైప్ ఫిట్టర్లను రప్పించింది. గ్రీన్ కార్డు వస్తుందన్న ఏజెంట్ల మాట నమ్మి ఒక్కొక్కరు 10 వేల నుంచి 20 వేల డాలర్ల దాకా చెల్లించారు. అందుకోసం అప్పులు చేశారు, ఆస్తులు అమ్ముకున్నారు. చేతికి వచ్చినది పది నెలల తాత్కాలిక వీసా. ఒక్కో గదిలో 24 మంది దాకా కుక్కి, ఆ వసతికి, తిండికి నెలకు 1,050 డాలర్లు జీతంలో కోసుకున్నారు. ఇదేమిటని అడిగి కూడగట్టుకోబోయిన కొందరిని 2007 మార్చిలో తెల్లవారకముందే గార్డులు పట్టుకుని దేశం దాటించబోయారు. ఏడాది తర్వాత వందమందికి పైగా పని మానేసి బయటికి నడిచారు. కొందరు వాషింగ్టన్ చేరుకుని నిరాహార దీక్ష చేశారు. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్‌లోనే కూర్చున్న జ్యూరీ ఐదుగురు కార్మికులకు దాదాపు 1.4 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ జులైలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, మిగిలిన కేసులతో కలిపి 2 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చి క్షమాపణ చెప్పింది. వీసా ఒక్క యజమానికే ముడిపడి ఉండి, నోరెత్తితే విమానం ఎక్కించే వీలు ఉన్నచోట తగాదా లేకుండా పోదు. కొన్నాళ్లు బయటికి వినబడదు, ఆపైన కోర్టులో తేలుతుంది.

విపత్తులో యూనియన్లు చేయి అందించవన్న మాట మీద ఎక్కువ చెప్పవలసిన పని లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఉద్యోగుల ఒక రోజు జీతాన్ని సహాయ నిధికి ఇస్తామని ముందుకు వచ్చినవి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగ సంఘాలే.

ఇక బడుల విషయం. ఈ వాదనలో కాస్త బలమున్న భాగం ఇదే కాబట్టి తేలికగా తీసిపారేయకూడదు. 2005 నవంబరులో వచ్చిన చట్టంతో నగరంలోని వందకు పైగా ప్రభుత్వ పాఠశాలలు లూసియానా రాష్ట్రం చేతికి వెళ్లాయి. క్రమంగా అవి చార్టర్ బడులయ్యాయి, అంటే ప్రభుత్వ నిధులతోనే ప్రైవేటు యాజమాన్యాలు నడిపే బడులు. ముందుగా జీతం లేని సెలవులో ఉంచిన ఏడు వేల మందికి పైగా ఉపాధ్యాయులను, సిబ్బందిని 2006 తొలి నెలల్లో ఒక్కసారిగా తొలగించారు. 2006 జూన్‌తో గడువు తీరిన యూనియన్ ఒప్పందాన్ని పొడిగించలేదు. ఆ తర్వాతి ఏళ్లలో విద్యార్థుల మార్కులు పెరిగాయి, ఇది కాదనలేని నిజం. అయితే ఆ పెరుగుదల ఊరికే రాలేదు. టులేన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారం సంస్కరణల తర్వాత ఒక్కో విద్యార్థిపై ఖర్చు 13 శాతం ఎక్కువైంది. అందులో బోధనపై పెట్టేది 10 శాతం తగ్గితే, పాలనా వ్యయం 66 శాతం పెరిగింది. చవకగా జరిగిందన్న మాటకు ఈ అంకెలే అడ్డం. అనుభవజ్ఞులను ఇంటికి పంపడమే మార్కులకు కారణమని నిరూపించగలిగినవారు లేరు. నగర ఉపాధ్యాయుల్లో నల్లజాతివారు 71 శాతం నుంచి 2014 నాటికి సగానికి దిగువకు చేరారు.

కోర్టులు ఆ తొలగింపును సమర్థించాయి కదా అనేవారు వరుసను చివరి నుంచి చదువుతున్నారు. 2012లో జిల్లా కోర్టు, 2014 జనవరిలో అప్పీలు కోర్టు ఉద్యోగుల పక్షాన తీర్పు ఇచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో లూసియానా సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. పాత కేసులో కుదిరిన రాజీ ఈ దావాకు అడ్డమవుతుందనీ, అది లేకున్నా, తొలగింపులో పాటించవలసిన పద్ధతి విషయంలో ఉద్యోగుల హక్కుకు భంగం కలగలేదనీ అన్నది. ఓడిపోయారు, నిజమే, అయితే యూనియన్ లేకపోతే బడి బాగుపడుతుందని ఏ కోర్టూ అనలేదు. అక్కడి ఉపాధ్యాయులు కూడా అలా అనుకోలేదు: చార్టర్‌గా మారిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నత పాఠశాలలో వారు 2014లో మళ్లీ సంఘం పెట్టుకుని, మరుసటి ఏడాది యాజమాన్యంతో ఒప్పందం కుదుర్చుకున్నారు.