పెట్టలా పిలిస్తే పుంజే రావాలా?

అమెరికా అడవుల్లో శాంతిభద్రతలు నానాటికీ క్షీణిస్తున్నాయి. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, డబ్బు కట్టి లైసెన్సు తీసుకుని, తల నుంచి కాలి వరకు ఆకు రంగు బట్టలు తొడుక్కుని, తెల్లవారకముందే వెళ్ళి చెట్టుకు వీపు ఆనించి బుద్ధిగా కూర్చున్న పౌరుల మీదకు ఏ లైసెన్సూ లేని జంతువులు వచ్చి పడుతున్నాయి. తూర్పు రాష్ట్రాల్లో అడవి పిల్లుల్లాంటి బాబ్‌క్యాట్లు, తోడేలు జాతికి చెందిన కొయోటీలు, నల్ల ఎలుగుబంట్లు. పడమటి కొండల్లోనైతే ఏకంగా మౌంటెన్ లయన్లనే పెద్ద పిల్లులు. అవి టర్కీ కోడిని తిందామని వస్తున్నాయి. తీరా వచ్చాక అక్కడ కోడి ఉండదు. బీమా కంపెనీలో పనిచేసే ఒక పెద్దమనిషి తుపాకీ ఒళ్ళో పెట్టుకుని పెట్టలా పిలుస్తూ ఉంటాడు. ఇరుపక్షాలకూ తీవ్ర ఆశాభంగం. ఇంత జరుగుతున్నా ఒక్క విచారణ సంఘమైనా వేయకపోవడం ఎంతైనా శోచనీయం.

వేట సంగతి తెలియని వారి కోసం నాలుగు ముక్కలు. వసంతం టర్కీలు జతకట్టే కాలం. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాల్లో పుంజునే కొట్టాలి, పెట్ట జోలికి పోకూడదు. పుంజు చీకటితోనే చెట్టు కొమ్మ మీద నుంచి గళం విప్పుతుంది. ఆ గొంతు విన్న పెట్టలు దాన్ని వెతుక్కుంటూ వెళతాయి. ప్రకృతి చేసిన ఏర్పాటు అది. వేటగాడు దాన్ని తలకిందులు చేస్తాడు. తానే పెట్టనని నమ్మబలికి, పుంజునే తన దగ్గరకు నడిపించుకోవాలని చూస్తాడు. ఆ పక్షికి వాసన పెద్దగా తెలియదు గానీ చూపు మహా పదును. రంగులూ బాగా తెలుస్తాయి. అందుకని మనిషి కనబడకూడదు, కదలకూడదు, దోమ కుట్టినా చేయి లేపకూడదు. ముఖానికి వల, చేతులకు తొడుగులు, ఎదురుగా ఇరవై గజాల దూరంలో ఒక ప్లాస్టిక్ పెట్ట.

ఇంకో చిత్రం చెప్పాలి. ఒంటి మీద ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఎక్కడా కనిపించకూడదని వేట భద్రతా తరగతుల్లో మరీ మరీ హెచ్చరిస్తారు. పుంజు తల మీద కనిపించే రంగులు ఆ మూడే కనుక, పొదలో అవి తళుక్కుమంటే పక్క గుట్ట మీది వేటగాడు పుంజనుకుని కాల్చేయవచ్చు. సొంత జాతీయ జెండా రంగులే ప్రాణం మీదకు తెచ్చే చోటు అమెరికాలో బహుశా ఇదొక్కటే. దేశభక్తులు ఈ విషయాన్ని పరిశీలించాలి.

ఇక గొంతు సంగతి. చెక్క పెట్టె అంచుల మీద తెడ్డు లాంటి మూతను సుద్ద రాసి రాపాడిస్తే పెట్ట పలికినట్టే పలికే బాక్స్ కాల్ ఒకటి. గుండ్రటి పలక బిళ్ళ మీద పుల్లతో గీసే స్లేట్ కాల్ ఇంకొకటి. టర్కీ రెక్క ఎముకలతో చేసే ఊదుడు గొట్టం అక్కడి ఆదివాసుల నుంచి వచ్చింది. అన్నిటికంటే కఠినమైనది డయాఫ్రం: గుర్రపు నాడా ఆకారంలో ఉండే రబ్బరు పొరను నాలుకకూ అంగిలికీ మధ్య ఇరికించుకుని ఊదాలి. చేతులు ఖాళీగా ఉంటాయి కనుక తుపాకీకి వీలు. నేర్చుకునే రోజుల్లో కుటుంబ సభ్యులకు కలిగే మనోవేదనను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి కారులో సిగ్నల్ దగ్గర ఆగి, ఏ పుంజూ లేని రహదారి మీద, విరహంతో వేగిపోతున్న కోడిపెట్టలా పలుకుతుంటే పక్క సీటులో కూర్చున్న భార్య కిటికీలోంచి బయటికి చూడడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు.

ఈ విద్యకు గౌరవం లేదని అనుకోకండి. 1973లో ఏర్పడిన నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ ఏటా నాష్‌విల్‌లో జరిపే మహాసభలో జాతీయ స్థాయి పిలుపు పోటీలు పెడుతుంది. అందులో గుడ్లగూబలా అరిచే పోటీ కూడా ఉంది. గుడ్లగూబ ఎందుకంటే, ఆ అరుపు వినగానే పుంజు ఉలిక్కిపడి, తన ప్రమేయం లేకుండానే బదులు అరుస్తుంది. ఏ చెట్టు మీద ఉందో తెలిసిపోతుంది. అంటే ఇక్కడ వేటగాడు మొదట గుడ్లగూబ అవుతాడు, ఆ తర్వాత పెట్ట అవుతాడు, ఒంటి నిండా పొద అయి ఉంటాడు. మనిషిగా ఉండేది లైసెన్సు కాగితం మీద మాత్రమే.

నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. ఆ పోటీల్లో మార్కులు వేసేది మనుషులు. మనిషికి టర్కీ గొంతుతో ఏం పని? తప్పుగా విన్నా ఆ పూట భోజనం ఆగదు. అదే కొయోటీకైతే చెవి తప్పితే పిల్లలు పస్తు. పైగా ఏప్రిల్, మే నెలల్లో దానికి గుహలో పసికూనలుంటాయి. ఎలుగుబంటి శీతాకాలపు నిద్ర లేచి డొక్కలంటుకుపోయి తిరుగుతూ ఉంటుంది. వేట కాలమూ వాటి ఆకలి కాలమూ ఒకే ముహూర్తాన వచ్చి కూర్చున్నాయి. అంతటి నిష్ఠగల పరీక్షకులు అడవి దాటి, వాగు దాటి, నీ గొంతు నమ్మి నడిచి వచ్చారంటే అంతకంటే ఏ న్యాయనిర్ణేత ఏ పతకం ఇవ్వగలడు? కానీ మన కళాకారుడు సంతోషిస్తాడా? ఇంటికి వచ్చి "దిక్కుమాలిన కొయోటీ నా వేట చెడగొట్టింది" అని వాపోతాడు. పిలవని పేరంటం అనడానికి కూడా వీల్లేదు. పిలిచింది ఆయనే.

ఒక సన్నివేశం చూద్దాం. ఓజార్క్ కొండల్లో ఓక్ చెట్టు మొదట్లో మన పెద్దమనిషి కూర్చున్నాడు. దూరంగా పుంజు రెండుసార్లు బదులిచ్చింది, ఉన్నట్టుండి మూగబోయింది. ఎందుకు మూగబోయిందో ఆయనకు తట్టలేదు. మళ్ళీ పలక మీద సుతారంగా గీశాడు. ఎడమ పక్క ఎండిన ఫెర్న్ మొక్కల మధ్య ఏదో ఉన్నట్టు, లేనట్టు. చూస్తుండగానే ఆకుల్లోంచి రెండు చెవులు, వాటి కొసల్లో నల్లటి కుచ్చులు. బాబ్‌క్యాట్. మన అడవి పిల్లికి పెద్దన్న అనుకోవచ్చు. పది పన్నెండు కిలోల బరువు, మొండి తోక. పొట్ట నేలకు ఆనించి, ఒక పాదం లేపి, గాలిలోనే ఆపి, ఆలోచించి, ఎండుటాకు లేని చోటు వెతికి దించింది. మళ్ళీ ఇంకో పాదం. ఇరవై గజాలు దాటడానికి అది తీసుకున్న సమయంలో మన రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక దస్తావేజు కదులుతుంది. మొండి తోక ఒక్కసారి అటూ ఇటూ ఆడింది. అంతే, గాలిలోకి లేచి ప్లాస్టిక్ పెట్ట మెడ పట్టుకుంది. పెట్ట మేకు మీద గిర్రున తిరిగింది. పిల్లి వదిలి, రెండడుగులు వెనక్కి వేసి, నాలుక చప్పరించింది. బొమ్మను చూసింది, చెట్టును చూసింది, చెట్టు మొదట్లో వల వెనక మిటకరిస్తున్న రెండు కళ్ళను చూసింది. ఆ చూపులో భయం కంటే చిన్నబుచ్చుకోవడం ఎక్కువ. వచ్చిన దారినే, ఈసారి ఆకుల చప్పుడును కూడా లక్ష్యపెట్టకుండా వెళ్ళిపోయింది. బొమ్మ దగ్గర ఆగకుండా నేరుగా వేటగాడి భుజం మీదకే దూకే పిల్లులూ ఉంటాయి. అంటే ఆయన ప్లాస్టిక్ కంటే బాగా పలికాడన్నమాట. ఆ మెచ్చుకోలును కూడా నిందగానే రాసుకుంటారు.

న్యాయంగా మాట్లాడాలంటే తప్పు బాబ్‌క్యాట్‌దే. చట్టం ఎదుట అది ఏ విధంగానూ నిలబడలేదు. వసంతంలో పెట్టను ముట్టకూడదని నిబంధన ఉంటే అది ఏరికోరి పెట్ట మీదకే దూకింది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే వేట మొదలుపెట్టాలని అనేక రాష్ట్రాల నియమం. ఇది రాత్రంతా తిరుగుతుంది. కొన్నిచోట్ల మధ్యాహ్నానికి వేట ముగించాలి; ఇది సాయంత్రం కూడా మానదు. కొట్టిన పక్షికి కట్టాల్సిన ట్యాగు లేదు, భద్రతా తరగతికి హాజరైన ఆధారం లేదు. అయినా పెద్దమనిషి ఆ దోషిని ముట్టుకోలేడు. చాలా రాష్ట్రాల్లో బాబ్‌క్యాట్‌ను బొచ్చు కోసం కొట్టేది చలికాలంలోనే. ఏప్రిల్‌లో అది చట్టం నీడన ఉంటుంది. కొయోటీకి ఆ అదృష్టం లేదు. దాన్ని చాలాచోట్ల ఏడాది పొడుగునా కాల్చవచ్చు. కోడిని నమ్మి వచ్చి మనిషి చేతిలో చచ్చినవాడికి పంచనామాలో ఏ కారణం రాస్తారో నాకు తెలుసుకోవాలని ఉంది.

గాలి వాటం విషయంలోనూ కొయోటీకి అన్యాయమే జరుగుతోంది. టర్కీకి వాసన తెలియదన్న ధీమాతో వేటగాడు గాలి ఎటు వీస్తోందో పట్టించుకోడు. ఉదయం తిన్న బేకన్ వాసన కూడా కడుక్కోడు. కొయోటీకి ముక్కే సర్వస్వం. అది చుట్టూ తిరిగి గాలికి దిగువన నిలబడి ఒక్కసారి పీల్చిందంటే మోసం తెలిసిపోతుంది. అలా వాసన చూసే తీరిక చేసుకున్నది బతుకుతుంది, గొంతు నమ్మి సూటిగా వచ్చింది చస్తుంది. అమాయకులను ఏరివేసి అనుమానపు జాతిని పెంచుతున్నాం.

మౌంటెన్ లయన్ సంగతి వేరు. అక్కడ వ్యంగ్యానికి కూడా కాస్త వణుకు పుడుతుంది. అది వెనక నుంచి వస్తుంది, మెడ చూసుకుని వస్తుంది. మన సుందర్‌బన్స్‌లో 1980లలో అడవికి వెళ్ళే తేనె సేకరణదారులకు తల వెనక కట్టుకునే మనిషి ముఖాల మాస్కులు పంచారు. ముఖం తనవైపు ఉందనుకుంటే పులి దూకడానికి జంకుతుందని. కొంతకాలం అది పనిచేసింది కూడా. అక్కడ బీదవాడు ప్రాణం కోసం లేని ముఖం తగిలించుకున్నాడు. ఇక్కడ షోకు కోసం ఉన్న ముఖాన్ని వలతో కప్పుకుంటున్నారు. భుజాల కంటే వెడల్పైన చెట్టుకు ఆనుకుని కూర్చోమని పెద్దలు చెప్పేది ఇందుకు కాదు, సాటి వేటగాడి గుళ్ళు వీపుకు తగలకుండా. అయినా పిల్లి జాతి విషయంలోనూ అది అక్కరకొస్తుంది.

మౌంటెన్ లయన్ ఎదురుపడితే ఏం చేయాలో అటవీ శాఖల వారు స్పష్టంగా చెప్పారు: పరుగెత్తవద్దు, కళ్ళలోకి చూడండి, నిలబడి చేతులు చాచి పెద్దగా కనిపించండి, గట్టిగా మాట్లాడండి, మీద పడితే తిరగబడి కొట్టండి. గమనించారా? శీతాకాలమంతా అద్దం ముందు సాధన చేసిన యెల్పులు, క్లక్కులు, పర్రులు అనే పెట్ట కూతలు ఆ క్షణంలో ఒక్కటీ అక్కరకు రావు. అంగిట్లోని రబ్బరు ఉమ్మేసి మనిషిలా అరవాలి. ఏమని అరవాలో కొందరికి తోచదట. చేతిలో పన్నెండు బోరు తుపాకీ ఉన్న సంగతి మరచిపోయి "హలో" అనేవాళ్ళూ ఉంటారని నా అనుమానం.

వేటగాళ్ళ పక్షాన చెప్పవలసింది కూడా ఉంది, లేకపోతే పక్షపాతమంటారు. అడవులు నరికి, సంతల్లో అమ్మకానికి కొట్టి, 20వ శతాబ్దం ఆరంభానికి ఆ దేశంలో అడవి టర్కీని దాదాపు తుడిచిపెట్టారు. తర్వాత బుద్ధి వచ్చింది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద అప్పటికే ఉన్న పన్ను డబ్బును వన్యప్రాణుల కోసం మళ్ళించింది. మొదట ఫారాల్లో పెంచిన టర్కీలను తెచ్చి అడవుల్లో వదిలారు. ఫారం బుద్ధితో అవి బతకలేదు. తర్వాత రాకెట్లతో ఎగిరే వలలు వేసి అసలైన అడవి పక్షులనే పట్టి, లేనిచోట్లకు తరలించారు. అవి లక్షలకు లక్షలయ్యాయి. సొంత డబ్బుతో విందు ఏర్పాటు చేసినవాడికి మొదటి పంక్తిలో కూర్చునే హక్కు లేదా? ఉంది. బాబ్‌క్యాట్ ఒక్క పైసా పన్ను కట్టిందా? లేదు. కాకపోతే ఆ పంక్తిలో అది మనకంటే కొన్ని వేల ఏళ్ళ ముందు నుంచే కూర్చుని ఉంది, ఆకు వేసింది తనకేనని అనుకుంటోంది. డాలస్‌లో, అట్లాంటాలో స్థిరపడిన మనవాళ్ళు ఈ తగాదాలో తలదూర్చకుండా గడ్డకట్టిన ఫారం టర్కీని కొని తెచ్చుకుని, అల్లం వెల్లుల్లి దట్టించి, దాని చప్పదనాన్ని ఓడించే యుద్ధంలోనే మునిగి ఉండడం వివేకం.

ఈ వివాదానికి పరిష్కారంగా నేనొక ఫిర్యాదు ఫారాన్ని రూపొందించాను. క్రూరమృగం వల్ల వేట చెడిన ప్రతివారూ దీన్ని మూడు ప్రతులలో నింపి సంబంధిత అధికారికి అందజేయాలి. గడులు తక్కువే. పిలిచింది ఎవరు? ఎవరి గొంతుతో? పిలిచినప్పుడు ముఖం కనిపిస్తోందా? వచ్చింది ఎవరు? వారు ఆకలితో ఉన్నారా? మీ పిలుపు తమను ఉద్దేశించింది కాదని వారికి ముందుగా తెలియజేశారా? బొమ్మ ఖరీదు ఎంత, పంటి గాట్లు ఎన్ని? చివరి గడిలో వాంగ్మూలం ఉంటుంది. ఫిర్యాదుదారు దాన్ని అధికారి ఎదుట బిగ్గరగా, తన సొంత గొంతుతో చదివి సంతకం చేయాలి. అలవాటు తప్పిందనేవారికి వారం గడువు ఇవ్వవచ్చు.