మస్టర్‌లో పేరుంది, బడిలోనే లేదు

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి అర్ధరాత్రికల్లా దేశం మొత్తం మూసేశారు, వలస కూలీల నడకలు, మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలిన మొదటి శ్రామిక్ రైలు, ఇవన్నీ అందరం చూసినవే. ప్రైవేటు టీచర్ల గోడు మాత్రం ఎవరికీ పట్టలేదు.

మా పెదనాన్న కొడుకు ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్లు లెక్కలు చెప్పాడు. ఏప్రిల్ నుంచి జీతం బంద్. మే నెలలో వదినతో కలిసి ఉపాధి హామీ పనికి పోయాడు, చెరువు పూడిక తీయడం, కొలత ప్రకారం చేస్తే రోజుకు ఎక్కువలో ఎక్కువ 237 రూపాయలు. అక్కడ కూలీల పని చూసుకునే మేట్‌గా ఉన్నది అన్న దగ్గర చదివిన పిల్లాడే, మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరు పిలవడానికి వాడికి నోరు రాక దగ్గరికొచ్చి "సార్, మీది రాసేశాను" అన్నాడంట.

ఇప్పుడు సర్కారు లెక్క చూడండి. కేంద్రం చేసే కార్మిక సర్వేలో నిరుద్యోగం 2018-19లో 5.8 శాతం, 2020-21లో 4.2. కరోనా కాలంలో తగ్గింది! ఎట్లా అంటే తట్ట మోసినా, సొంత చేలో పైసా రాకుండా చేసినా పని ఉన్నట్టే రాసుకుంటారు, అందుకే అదే రెండేళ్లలో వ్యవసాయం మీద ఆధారపడ్డ వాళ్ల వాటా 42.5 నుంచి 46.5 శాతానికి పెరిగింది. ఉద్యోగం పోయినోడు నిరుద్యోగి కాలేదు, కూలీ అయ్యాడు.

ఫీజులే రానప్పుడు జీతాలెక్కడి నుంచి తెస్తాం అని యాజమాన్యాలు అంటాయి. చిన్న బడుల వరకు నిజమే, ఒప్పుకుంటా. కానీ జీతం లేకపోవడం వేరు, అసలు మనిషే లేడనడం వేరు.

అన్నకి అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, పీఎఫ్ లేదు, జీతం చేతికే. లాక్‌డౌన్‌లో జీతాలు ఆపొద్దని 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఆర్డర్ ఇచ్చింది, మే నెలలో వెనక్కి తీసుకుంది, ఆ మధ్యలోనైనా అన్న ఏ కాగితం పట్టుకుని అడగాలి? 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2 వేలు, 25 కిలోల బియ్యం ఇస్తామంటే, బడి వాళ్లు ఎక్కించిన పేర్లలో ఆయనది లేదు. పన్నెండేళ్లు చాక్‌పీస్ పట్టినోడికి రుజువు లేదు, పన్నెండు రోజులు పార పట్టినందుకు జాబ్ కార్డులో ఎంట్రీ ఉంది.

మన దగ్గర ఉద్యోగాలంటే ఎన్ని వచ్చాయనే చర్చే తప్ప ఎన్ని కాగితం మీద ఉన్నాయని ఎవరూ అడగరు, నా బాధంతా అదే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, నియామక పత్రం తప్పనిసరి అంటున్నాయి, మంచిదే. అన్న మళ్లీ బడికి పోతున్నాడు, ఆయనకి పత్రం ఇంకా అందలేదు. స్కూల్ గుర్తింపు రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఫైర్ ఎన్‌ఓసీ అడిగినట్టే, ఒక్కో టీచర్ నియామక పత్రం కాపీ కూడా జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసు అడగాలి, అది లేకుండా సంతకం పెట్టకూడదు.