క్రోక్ పార్క్ మ్యూజియం దండగ అంటున్నవాళ్ళకు

డబ్లిన్‌లో ఉంటున్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. క్రోక్ పార్క్ స్టేడియంలో ఉన్న జీఏఏ మ్యూజియానికి, అంటే ఐర్లండ్ సంప్రదాయ ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ వాళ్ళ మ్యూజియానికి, వెళ్ళడం డబ్బు దండగట. హర్లింగ్ అనే వాళ్ళ కర్రా బంతీ ఆట అంటే హాకీయేనట, లోపల పిల్లలాటలూ రెండు కప్పులూ తప్ప ఏమీ లేవట, అంతా ఐపీఎల్ తరహా వ్యాపారమట, పైగా ఐరిష్‌వాళ్ళ గోల మనకెందుకట.

హాకీయే అన్నాయన హర్లింగ్ ఆడే హర్లీ కర్ర చేతబట్టి ఉండడని నా అనుమానం. హాకీలో గోల్‌కీపర్ తప్ప ఎవరూ బంతిని చేత్తో ఆడకూడదు. హర్లింగ్‌లో గాల్లో వచ్చే బంతిని చేత్తో అందుకోవచ్చు, పట్టుకుని నాలుగడుగులు వేయొచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరిగెత్తొచ్చు. విసరడానికి మాత్రం వీల్లేదు. నేలమీదున్న బంతిని చేత్తో తీయడానికీ వీల్లేదు, కర్రతో లేపాల్సిందే. అలా లేపి గాల్లోనే బాదుతుంటే నాకు హాకీ కాదు, మన బిళ్ళంగోడు గుర్తొస్తుంది. గోలుపోస్టులు హెచ్ అక్షరంలా ఉంటాయి. బంతి అడ్డకమ్మీ కిందుగా వలలో పడితే 3 పాయింట్లు, పైనుంచి పోతే 1. యునెస్కో 2018లో హర్లింగ్‌ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. మ్యూజియంలో ఆటల గది పెట్టింది కాలక్షేపానికి మాత్రమే కాదు. ఈ తేడా అద్దాల వెనక బొమ్మలు చూస్తే తెలియదు, కర్రతో కొట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇక ఆ 'రెండు కప్పులు'. చేతులతోనూ ఆడే ఐరిష్ ఆట గేలిక్ ఫుట్‌బాల్‌కి శామ్ మగ్వైర్, హర్లింగ్‌కి లియామ్ మెకార్తీ. 1920లలో మొదలై, విజేతల చేతుల్లో అరిగిపోయాక విశ్రాంతి ఇచ్చిన అసలు కప్పులు అవే. ఇప్పుడు ఫైనల్లో ఎత్తి చూపేవి వాటి నకళ్ళు.

కానీ కప్పుల దగ్గరే ఆగిపోతే అసలు విషయం తప్పిపోతుంది. 1920 నవంబర్ 21న ఇదే మైదానంలో డబ్లిన్, టిపరరీ జట్లు ఆడుతుండగా బ్రిటిష్ బలగాలు జనం మీద కాల్పులు జరిపాయి. ఆ ఉదయమే, బ్రిటిష్ పాలన మీద పోరాడుతున్న ఐరిష్ సాయుధ దళం ఐఆర్‌ఏ నగరంలో బ్రిటిష్ గూఢచారులను చంపింది. మైదానంలో 14 మంది పోయారు. వాళ్ళలో ముగ్గురు పిల్లలు, ఒకరు టిపరరీ ఆటగాడు మైకేల్ హోగన్. స్టేడియంలోని హోగన్ స్టాండ్ ఆయన పేరుదే. దీన్ని పిల్లలాట అనగలమా?

వ్యాపారం సంగతి: స్టేడియంలో 82,300 మంది పడతారు, టికెట్లు అమ్ముతారు, స్పాన్సర్లున్నారు. నిజమే. కానీ ఆడేవాళ్ళకు జీతం లేదు, వేలంపాట లేదు. ఆదివారం ఫైనల్ గెలిచినవాడు మళ్ళీ బడిలో పాఠం చెప్పుకోవాల్సిందే, పొలం చూసుకోవాల్సిందే. జట్టు కూడా మామూలుగా పుట్టి పెరిగిన కౌంటీయే, అంటే మన జిల్లా లాంటిదే. ఐపీఎల్‌తో పోలిక ఎక్కడ కుదిరిందో నాకు అంతుపట్టలేదు.

ఇక 'వాళ్ళ గోల మనకెందుకు' అన్న చివరి మాటలో కొంత నిజముంది, దాచను. 1884లో థర్లెస్ పట్టణంలోని ఒక హోటల్లో పుట్టిన ఈ సంఘం చాలాకాలం 'పరాయి ఆటల'ను నిషేధించింది. ఆ జాబితాలో మన క్రికెట్ కూడా ఉంది! సాకర్ మ్యాచ్ చూడ్డానికి వెళ్ళాడని 1938లో సాక్షాత్తూ దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్‌ని సంఘం పోషకుడి హోదా నుంచి తీసేశారు. మూర్ఖత్వమే అనండి, నేనూ అంటాను. ఆ నిషేధం 1971లో పోయింది. 2007లో ఇంగ్లండ్ రగ్బీ జట్టు ఇదే క్రోక్ పార్క్‌లో ఆడింది, బ్రిటిష్ జాతీయగీతాన్ని జనం మర్యాదగా విన్నారు. 2020లో కోవిడ్ వేళ ముస్లింలు ఆ పచ్చికమీద బక్రీద్ నమాజు చేసుకున్నారు. ఇన్ని జరిగాక కూడా 'మనకెందుకు' అని గుమ్మం దగ్గరే ఆగుతున్నది మనమే, వాళ్ళు ఆపడం లేదు.