సంతకం గారికి, బేనిషాన్ తింటా

కర్నూలు,
మామిడి కాలం

మహారాజశ్రీ సంతకం గారికి,

కొండారెడ్డి బురుజు కాడ తోపుడుబండి పక్కన నిలబడి, కాయ కోయించుకుని తింటా ఈ జాబు రాస్తాండా. కాగితం మీద రసం చుక్క పడింది. ముద్ర లేనిదే తమరికి నిద్ర పట్టదు గదా, ఉండనీలే అని తుడవలేదు.

కాయ బనగానపల్లెది. 1948 దాకా మా జిల్లా నడుమ అదొక సంస్థానం. తమరు ఓ కాగితం కింద వాలినారు, నవాబు గద్దె పోయి ఊరు కర్నూలు జిల్లాలో కలిసింది. మామిడి మిగిలింది. పేరు బేనిషాన్, అంటే మచ్చా గుర్తూ లేనిదని. ఆ పేరు కాయకా, సంస్థానానికా అని బండాయన్ను అడిగితే, "ఎన్ని కిలోలు సార్?" అన్నాడు.

560కి పైగా సంస్థానాలను కలిపిన చెయ్యి తమరిది, కాదనను. మొదట అడిగింది మూడే: రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా తంతితపాలా. మా చిన్నాయనా అంతే, మూణ్ణాళ్లుండి పోతానని వచ్చి బీరువా తాళాలడిగినాడు. రాజభరణాలిస్తామని రాజ్యాంగంలోనే రాసి, 1971లో మళ్లీ తమరి చేత్తోనే కొట్టేయించినారు. నవాబుల కోసం నేనేడవను లెండి.

నా గోడు 1937 నవంబర్ 16ది. మద్రాసులో శ్రీబాగ్ బంగళాలో కోస్తా, సీమ పెద్దల ఒడంబడిక కింద తమరు పడినారు: రాజధానో హైకోర్టో సీమ కోరుకున్నది సీమకు, కృష్ణా తుంగభద్ర నీళ్లలో ముందు వాటా. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా మా కర్నూలు రానే వచ్చింది. బంగళాలు చాలక గుడారాల్లో కచేరీలు! "గాలొస్తే సర్కారు ఎగిరిపోతాదేమోరా" అనేది మా జేజి. గాలి రాలేదు, 1956 నవంబర్ 1 వచ్చింది. రాజధాని హైదరాబాదుకు, మా మేకులు మాకు.

హైదరాబాదులోనైనా తమరి మాట నిలిచిందా? ఆ ఏడే ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల పెద్దమనుషుల ఒప్పందం కింద పడినారు. 1969కే అది వీధికెక్కింది, 2014లో వాకిలి పంచుకున్నాం.

నీళ్ల వాటా సంగతి ఇప్పుడెత్తను. బండాయన చేతులు కడుక్కోను చెంబెడే ఇచ్చినాడు.

జాబు కింద తమర్ని పెట్టడం లేదు, ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
(ఎడమ బొటనవేలి ముద్ర, మామిడి రసంతో)