గింజ తగలని ఫలహారం

అక్టోబరు రాగానే న్యూజెర్సీలో ఆకులు రంగు మారతాయి, మా ఇంట్లో పిండి మారుతుంది. ఈ ఏడాది మైదా, గోధుమపిండి, బియ్యప్పిండి మూడింటినీ మా అమ్మాయి గరాజ్‌లోకి బహిష్కరించింది. నేరం, ధాన్యాలుగా పుట్టడం. వాటి వెంట ఓట్స్ కూడా వెళ్లాయి. ఇది మాత్రం నాకు మింగుడు పడలేదు. డాక్టరు చెప్పాడని మూడేళ్లు ఓట్స్ ఉప్మా తిన్నవాణ్ణి. అదంతా ఒక ముద్దాయి కోసం చేసిన త్యాగమా?

"నీకు గోధుమ పడదా అమ్మా?" అన్నాను.

"పడుతుంది నాన్నా. అయినా మానేస్తున్నా."

నిజంగా గ్లూటెన్, అంటే గోధుమలో ఉండే ప్రొటీన్, పడనివాళ్ల సంగతి వేరు, వాళ్ల బాధ నవ్వులాట కాదు. మాది ఏ జబ్బూ లేనివాళ్ల ఉద్యమం.

ఆ ఉద్యమంలో భాగంగా మా అమ్మాయి ధాన్యం లేకుండా ఆపిల్ క్రిస్ప్ చేస్తానంది. మామూలుగా అయితే అదేమీ పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఆపిల్ ముక్కల్లో చక్కెర, దాల్చినచెక్క పొడి కలిపి గాజు ట్రేలో పరిచి, పైన వెన్న, మైదా, ఓట్స్ నలిపి చల్లి ఓవెన్‌లో పెట్టడమే. కాయల కోసం తోటకి వెళ్లాలి. మన ఊళ్లో కాయ కోసినవాడికి కూలి ఇస్తారు, ఇక్కడ కోసినవాడే డబ్బు కట్టి రావాలి. తెచ్చినవి గ్రానీ స్మిత్‌లు. ఆకుపచ్చగా, పుల్లగా ఉంటాయి, ఉడికినా ముక్క చెదరదు. ఆరు నెలలకని వచ్చిన మా అత్తయ్యగారు ఒక ముక్క కొరికి, "ఇంత పుల్లటి కాయని శుభ్రంగా పచ్చడి చేసుకోక తీపేమిటే?" అన్నారు.

ఆ రోజు ఏకాదశి. ఆవిడ ధాన్యం ముట్టరు. "అయితే ఇది నేను తినొచ్చా?" అని విచారణ మొదలుపెట్టారు. మైదా, ఓట్స్ బదులు తెచ్చిన ప్యాకెట్ల మీద పేర్లు మనవరాలు చదువుతుంటే, ఆవిడ తెలుగు చేసుకుంటూ వచ్చారు.

"ఆల్మండ్ ఫ్లోర్."

"బాదంపప్పు పిండి. అంటే పప్పు."

"అది పప్పు కాదు అమ్మమ్మా, నట్!"

"ఆ రెండోది?"

"టపియోకా స్టార్చ్."

"సగ్గుబియ్యం పిండి. అంటే బియ్యం."

"అది దుంప అమ్మమ్మా!"

సగ్గుబియ్యం కర్రపెండలం దుంప నుంచి వస్తుందని సగ్గుబియ్యం మిల్లుల సామర్లకోటలో పుట్టి పెరిగిన మనిషికి తెలియక కాదు, పిల్లని ఏడిపించడానికి. మొత్తానికి ఇంగ్లీషులో గింజ తగలని వంటకం తెలుగులోకి వచ్చేసరికి పప్పూ బియ్యమూ అయి కూర్చుంది.

ఓవెన్ 350 డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో. ఇరవై నిమిషాలకే మాడు వాసన. బాదం పిండి మైదా కంటే తొందరగా ఎర్రబడుతుంది. అంచులు నల్లబడ్డాయి, కింద ఆపిల్ ముక్క చెంచాతో పొడిస్తే దిగడం లేదు. మా అమ్మాయి పైన ఫాయిల్ కప్పి, తలుపుకున్న అద్దం ముందు గొంతుక్కూర్చుంది. నేనీలోగా లెక్కలు చూశాను. వంద గ్రాముల మైదాలో సుమారు 360 క్యాలరీలు, బాదం పిండిలో 580 దాకా. కొబ్బరినూనె, మేపుల్ సిరప్ దీనికి అదనం. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో శాంతి ముఖ్యం.

అయినా పిల్లని అనడానికి మనకేం నోరుంది? ఫలహారమంటే పండు తినడం. దాన్ని మనం గోధుమరవ్వ ఉప్మాగా మార్చుకుని, జీడిపప్పు కూడా దట్టించి, తరతరాలుగా ఏకాదశులు గట్టెక్కిస్తున్నాం. ఆ మాటకి మొదటి అర్థాన్ని తిరిగి తెచ్చింది మా అమ్మాయే. అత్తయ్యగారు రెండుసార్లు వడ్డించుకున్నారు. పైన వనిల్లా ఐస్‌క్రీమ్ వేయించుకుని, "పాలేగా" అన్నారు.

మర్నాడు ద్వాదశి, ఉపవాసం విడిచే పారణ రోజు. పొద్దున్నే ముద్దపప్పు, అన్నం, నెయ్యి. అత్తయ్యగారి కంటే ముందే కంచం పట్టుకుని మా అమ్మాయి.

"మరి ధాన్యం?" అన్నాను.

"పారణ నాన్నా," అంది, ఆవకాయ సీసా దగ్గరికి లాక్కుంటూ.